మా వంతెనల ఆటలో వంకర బురుజు

పోయిన నెలలో ఒక పొద్దున, పరగడుపున రక్తం ఇవ్వడానికి నాచారం మెయిన్ రోడ్డు మీది డయాగ్నొస్టిక్ సెంటర్లో టోకెన్ పట్టుకుని కూర్చుని ఉండగా, పక్క కుర్చీలోని నలభై అయిదేళ్ల పెద్దమనిషి ఫోనులోంచి నా గొంతే నాకు వినిపించింది. ఆయనెవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు తెలియదు. "ఇది మన ఆట కాదు తమ్మీ, మన ఆట పానం తీసి బొమ్మను నిలవెట్టిన్రు" అని నేనే, నా దగ్గుతో సహా, ఆ ఫోనులో మాట్లాడుతున్నాను. ఆయన విని, తల ఊపి, మళ్లీ మొదటినుంచి పెట్టుకుని విని, ఇంకెవరికో పంపాడు. షుగరు పరీక్షకు వచ్చినవాణ్ని, ఏమీ తినకుండానే ఒళ్లంతా తీపెక్కింది. అరవై తొమ్మిదేళ్లు వచ్చి, ఇంట్లో కూడా ఎవరూ రెండోసారి వినని నా మాట ముక్కూ మొహం తెలియనివాళ్ల జేబుల్లో ఊరు తిరుగుతోందంటే మీరైనా పొంగిపోరా? ఆ పొంగు ఎంత తప్పో తెలియడానికి నాకు మరో నాలుగు రోజులు పట్టింది.

సంగతేమిటో చెప్పాలంటే ముప్పై అయిదేళ్లు వెనక్కి పోవాలి. మన ఈడు వాళ్లకు వీడియో గేముల దుకాణాలు గుర్తుండే ఉంటాయి, ఆడినవాళ్లుగా కాదు, చెవి పట్టుకుని పిల్లల్ని బయటికి లాక్కొచ్చినవాళ్లుగా. గుమ్మానికి నల్ల రెగ్జిన్ తెర, లోపల ట్యూబులైటు కూడా లేని మసక, బీరువాలంత ప్లైవుడ్ పెట్టెలు, ఒక్కోదాంట్లో ఒక టీవీ, దాని ముందు పట్టుకోవడానికి ఒక పిడి, రెండు ఎర్ర బటన్లు, మూలన కుప్పగా స్కూలు సంచులు. నాచారం పారిశ్రామికవాడకు పోయే దారిలో అలాంటి దుకాణం ఒకటి నాది. ఆ రోజుల్లో మీరు ఆ దుకాణాలవాళ్లను తిట్టిన తిట్లలో నా వాటా నాకు సరిగ్గానే అందింది, కాబట్టి ఇప్పుడు కాస్త నా మాట కూడా వినండి.

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. లాలాపేట్‌లో ఒక రేడియో మెకానిక్ దగ్గర కూర్చుని టంకం పట్టడం నేర్చుకున్నాను, ఇంగ్లీషు మాత్రం సర్క్యూటు కాగితాల మీద, అట్ట ఊడిన నిఘంటువు ఒకటి పక్కన పెట్టుకుని, నా అంతట నేనే నేర్చుకున్నాను. అందుకేనేమో డిగ్రీలవాళ్లు వచ్చి నాకేదైనా చెప్పబోతే నాకు మొదట్నుంచీ ఒళ్లు మండుతుంది. ఉప్పల్ వైపు ప్రయోగశాలలో పనిచేసే ఆఫీసరొకాయన కొడుకును పట్టుకుపోవడానికి వచ్చి, నేను వెనక తలుపు తీసి బాగుచేస్తున్న పెట్టెలోకి తొంగిచూసి, గంటసేపు అక్కడే గొంతుక్కూర్చుని అదేమిటి ఇదేమిటి అని అడిగి, చివరికి కొడుకునే మరిచిపోయి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను ఎంత ఎత్తు పెరిగానో మీకు చెప్పలేను. ఆ ఎత్తు నుంచి దిగడానికి నాకు ఇన్నేళ్లు పట్టిందని ఇప్పుడు అనిపిస్తోంది.

దుకాణంలో మూడు పెట్టెలుండేవి కానీ పేరంతా ఒక్కదానిదే. దాని అసలు పేరు పైనున్న స్టిక్కరుతోపాటే ఊడిపోయింది, మేమంతా వంతెనల ఆట అనేవాళ్లం. నడుముకు లాంతరు కట్టుకున్న ఒక చిన్న మనిషి తాళ్ల వంతెనల మీద పరుగెత్తుతాడు, కాలి కింద పలకలు ఊడి పడుతుంటాయి, పైనుంచి గద్దలు వచ్చి తన్నుతుంటాయి. ఒక్కో వంతెన దాటితే ఒక్కో కోట. ఆ కోట బురుజు పైభాగం కుడివైపుకు వంగి ఉండేది, పిల్లలు దాన్ని వంకర బురుజు అనేవారు. వేగమంటే అదీ వేగం, సంగీతమంటే చీమలు పాడినట్టు సన్నగా, గడగడా పోయేది. తార్నాక నుంచి వచ్చిన పిల్లలు మా పెట్టె ముందు నిలబడి రెండో వంతెన మీదే పడిపోతుంటే మావాళ్లు మీసాలు లేని మూతులు మెలేసేవారు.

మావాళ్లందరిలోకీ మొనగాడు మా బావమరిది, అంటే మా ఆవిడ చిట్టచివరి తమ్ముడు. అప్పటికి పద్నాలుగేళ్లుంటాయి. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే ఇస్త్రీ చొక్కా నలగకుండా పరుగెత్తుకొచ్చి, బైబిలును భద్రంగా నా బల్ల మీద పెట్టి ఆటకు దిగేవాడు. నాలుగు వంతెనలు కళ్లు మూసుకుని దాటేవాడు. అయిదోది మాత్రం వాడూ దాటలేదు, ఎవరూ దాటలేదు. పలకలు కాలు మోపకముందే ఊడిపోయేవి. అయిదో వంతెనకు అవతల ఏమీ లేదని, ఆట చేసినవాళ్లే అక్కడ ఆపేశారని మేమంతా తీర్మానించుకున్నాం. ఒకసారి లాలాపేట్ రైల్వే క్వార్టర్ల నుంచి ఒక పిల్లవాడు వచ్చి, మా దగ్గర అయిదోది దాటిన, అవతల సముద్రం ఉంది అన్నాడు. మావాళ్లు వాణ్ని మా పెట్టె ముందు నిలబెట్టారు, వాడు రెండో వంతెన మీదే పడ్డాడు. ఇక చూడండి నవ్వులు. అబద్ధాలు అమ్ముకోవడానికి వేరే బజారు చూసుకో అన్నాను నేను కూడా, పెద్దవాణ్ని. వాడు చెప్పులు వేసుకుంటూ ఏడుపు దిగమింగుకోవడం చూశాను. చూసీ ఊరుకున్నాను.

తర్వాత ఇళ్లలోకే ఆటలు వచ్చాయి, దుకాణం మూతపడింది, నేను టీవీలు, ఆ తర్వాత ఇన్వర్టర్లు బాగుచేస్తూ వయసు గడిపేశాను. పిల్లలు పెద్దవాళ్లయి బట్టతలలతో, బొజ్జలతో వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకుని నన్నూ అందులో చేర్చారు. మా బావమరిది ఉప్పల్‌లో టైర్ల దుకాణం పెట్టాడు. ఈ వేసవిలో మా చెల్లెలి కూతురు, నా మేనకోడలు, ఫోనులో ఒక లింకు పంపి, మామా నీ ఆట మళ్లీ వస్తోంది, ముందుగా పాత ఆటగాళ్లకే ఇస్తున్నాం, చూడు అంది. తను పనిచేసే కంపెనీయే ఆ పాత ఆటను కొత్త ఫోన్ల కోసం మళ్లీ తయారుచేస్తోందట, వేగం, సంగీతం పాతదానిలాగే ఉండేట్టు చూడటం తన పనట.

ఆడాను. అబద్ధమెందుకు, రెండు నిమిషాలు ఆడాను. లాంతరు మనిషి కడుపునిండా తిని వాహ్యాళికి వెళ్లినట్టు నడుస్తున్నాడు. సంగీతం గొంతు బొంగురుపోయింది. బురుజు నిటారుగా, ప్రభుత్వ నీళ్ల ట్యాంకులాగా నిలబడి ఉంది. ఒళ్లు మండిపోయింది. మా పిల్లల బాల్యాన్ని ఎవరో ఇంజినీర్లు గదిలో కూర్చుని నాశనం చేశారనిపించింది. ఆ ఇంజినీర్లలో నా మేనకోడలుందన్న సంగతి గుర్తులేక కాదు, గుర్తుండే, చిన్నపిల్ల, పైవాళ్లు చెప్పినట్టు చేసి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఆ వాయిస్ మెసేజ్ చేసి గ్రూపులో పడేశాను. పాత మెకానిక్కే అన్నాడంటే ఇంకేం కావాలి, అది గ్రూపు దాటి, ఉప్పల్ దాటి, ఘట్‌కేసర్ కాలేజీల దాకా పోయింది. మావాళ్లు కంపెనీ పేజీ మీద పడి వందల కొద్దీ ఒక్క స్టార్ రేటింగులిచ్చారు. ఆట చేసినవాళ్లను, వాళ్లను కన్నవాళ్లను అనరాని మాటలన్నారు. వేరే ఊళ్లవాళ్లు కొందరు మాకు సరిగ్గానే ఉందే అంటే, వాళ్లు అసలు ఆటగాళ్లే కాదు, కంపెనీ కూలికి పెట్టినవాళ్లన్నారు. ఆ బూతులు నేను చదివాను. మనవైపు వాళ్లే కదా అని నోరు మూసుకున్నాను. డయాగ్నొస్టిక్ సెంటర్లో నేను పొంగిపోయింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నాలుగో రోజు మధ్యాహ్నం మేనకోడలు స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చి నిలబడింది. తీశాక చూస్తే కళ్లు వాచి ఉన్నాయి.

"మామా, గా వాయిస్ నీదే కదా?"

"నాదే. అబద్ధం జెప్పిన్నా?"

"అబద్ధం కాదు. తప్పు జెప్పినవ్."

"నువ్వు పుట్టకముందుది బిడ్డా గా ఆట. నా చేతుల మీద పదేండ్లు నడిచింది. నాకు తప్పొప్పులు నువ్వు జెప్తవా?"

"నేను పుట్టకముందుదే. అందుకే యాదిని నమ్మలే, కొలిచిన. మూడు దిక్కుల కెళ్లి మూడు పాత బోర్డులు తెప్పిచ్చి కొలిచిన. మూడు ఒక్క తీరుగనే ఉన్నయ్."

వంటింట్లోంచి మా ఆవిడ, "ముందుగాల పిల్లకు మంచినీళ్లియ్యి, తర్వాత కొట్లాడు" అంది. నీళ్లు తాగాక అసలు సంగతి బయటపెట్టింది. ఎనిమిది మంది కలిసి రెండేళ్లుగా చేస్తున్న పని అది. దీని తర్వాత మరో రెండు పాత ఆటలు బాగుచేయాలని వాళ్ల ఆశ. నెలాఖరులోగా పాత ఆటగాళ్ల మాట మారకపోతే జట్టునే రద్దు చేస్తామని పైవాళ్లు చెప్పేశారు. ఆఫీసు మీటింగులో నా మెసేజ్‌ను అందరి ముందూ వినిపించారట. ఈ గొంతు మా మామది అని చెప్పలేక తల వంచుకుని కూర్చుందట.

జాలి పడాల్సింది పోయి నాకు పంతం పెరిగింది. ఆ పెట్టె అమ్మేసినా ఆటంతా ఇమిడి ఉన్న బోర్డు మాత్రం అమ్మలేక పాత దుప్పటిలో చుట్టి సజ్జ మీద పెట్టుకున్నాను. చూడు, కళ్లారా చూడు, అసలుదంటే ఏమిటో నీకే తెలుస్తుంది అంటూ కుర్చీ ఎక్కి దాన్ని దింపి దుమ్ము దులిపాను. దానితోపాటే మడతలు చిరిగిన సర్క్యూటు కాగితం కూడా ఉంది. మేనకోడలు బోర్డును కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఒకచోట వేలు పెట్టి ఆగిపోయింది.

"మామా, గీ క్రిస్టల్ మీద ఇరవై అని ఉంది. కాగితంల పద్దెనిమిది ఉంది."

క్రిస్టల్ అంటే చిన్న వెండి డబ్బీలాంటిది, గోడగడియారానికి లోలకం ఎలాంటిదో బోర్డుకు అది అలాంటిది, అది కొట్టుకునే లెక్కను బట్టే ఆట నడుస్తుంది, పాట పాడుతుంది, అంకె పెరిగితే రెండూ వేగం పెరుగుతాయి. నేను అద్దాలు సర్దుకుని వంగి చూశాను. అంకెల కంటే ముందు నాకు కనబడింది దాని కాళ్ల దగ్గరి టంకం. ఫ్యాక్టరీ టంకం చదునుగా, మెరుస్తూ ఉంటుంది. ఇది శనగగింజంత ఉబ్బుగా, కాస్త పక్కకు జారి ఉంది. అలా పట్టేది ఈ ఊళ్లో ఒక్కడే. మా గురువు చచ్చేదాకా నన్ను దానికే తిట్టాడు.

ఒక వేసవి మధ్యాహ్నం పెట్టెను జరుపుతుంటే లోపల ఏదో తగిలి ఆ క్రిస్టల్ పగిలింది. బస్సెక్కి కోఠికి పోయి సందు సందూ తిరిగాను, పద్దెనిమిది ఎక్కడా లేదు. చివరి దుకాణంలో ముసలాయన, ఇరవై ఉంది ఉస్తాద్, తాత్కాలికంగా పెట్టుకో అన్నాడు. పెట్టాను. బొమ్మ నిలవలేదు, సినిమా రీలు జారినట్టు కిందికి దొర్లిపోసాగింది. పిక్చర్ ట్యూబు వెనకున్న కాయిళ్లు, మరలు తిప్పీ తిప్పీ సాయంత్రానికి నిలబెట్టాను. పైభాగం మాత్రం కుడికి వంగిపోయింది. అదే వంకర బురుజు. వారంలో అసలుది దొరికాక మార్చేద్దామనుకున్నాను. మొదటి రెండు రోజులు పిల్లలు తిట్టుకున్నారు, మూడో రోజుకు వేళ్లు అలవాటుపడ్డాయి, నెల తిరిగేసరికి అదే వాళ్ల గర్వమైంది. ఆటలు తొందరగా ముగిసి వరస తొందరగా కదలడం నాకూ బాగానే ఉంది. మరిచిపోయానని చెప్పడం తేలిక. నిజానికి ముందు మరిచిపోదామనుకున్నాను, తర్వాత నిజంగానే మరిచిపోయాను. ఆ లాలాపేట్ పిల్లవాడు ఆడింది అసలు వేగంతో నడిచే పెట్టె మీదని, వాడు చెప్పింది అక్షరాలా నిజమని కూడా ఆ కిటికీ దగ్గరే నాకు తెలిసింది.

మేనకోడలు దెప్పిపొడుస్తుందనుకున్నాను. టీ తాగి కప్పు కడిగి బోర్లించి, "నేను జెప్తే కంపెనీ మనిషని ఎవ్వరు నమ్మరు మామా. నువ్వు జెప్పకుంటే ఎవ్వరికి తెల్వదు. నీ ఇష్టం" అని వెళ్లిపోయింది. దెప్పినా బాగుండేది. రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. జీవితంలో నేను సంపాదించుకున్నదల్లా ఉస్తాద్ అన్న ఒక్క పిలుపు, దాన్ని నా చేత్తోనే తీసి పక్కన పెట్టడం అంత సులువు కాదని మీకు వేరే చెప్పాలా?

ఆదివారం పొద్దున పదకొండింటికి బావమరిది టైర్ల దుకాణానికి రమ్మని గ్రూపులో పెట్టాను. డజను మంది వచ్చారు. కంపెనీ మీద కేసు వేద్దామంటానేమోనని ఒకడు వకీలును కూడా వెంటబెట్టుకొచ్చాడు. మేనకోడలు ల్యాప్‌టాప్ సంచీతో ఒక పక్కన నిలబడింది. నేను దుప్పటి విప్పి, బోర్డు వాళ్ల చేతికిచ్చి, దాచకుండా అంతా చెప్పాను.

"అంటే బావా," అన్నాడు బావమరిది నిదానంగా, టైర్ల దొంతి మీంచి దిగుతూ, "గన్నేండ్లు నన్ను అయిదో వంతెన మీద సంపింది గద్ద కాదు, నువ్వు."

అందరూ నవ్వారు, వాడు నవ్వలేదు. రైల్వేలో పనిచేసే ఇంకొకడు బోర్డును తిప్పి చూసి, "తప్పైతే తప్పాయె ఉస్తాద్. మేం ఆడింది గా తప్పే. మాకు గదే గావాలె" అన్నాడు. అవునవునంటూ నలుగురు తలలూపారు. ఇంత చెప్పినా మళ్లీ మొదటికే వచ్చిందనుకున్నాను.

మేనకోడలు మాత్రం కంగారు పడలేదు. "మీకు గావల్సింది గదే అయితే తెచ్చిన అన్నా" అని ఫోను తీసింది. ఇరవై లెక్కన నడిచేట్టు రాత్రికి రాత్రే చేసిపెట్టిందట. బురుజు కూడా వంకరగా ఉంది. చీమల సంగీతం మొదలవగానే డజను మొహాలు ఒక్కసారి పద్నాలుగేళ్లవయ్యాయి. రైల్వే మనిషి ముందుకొచ్చి చొక్కా చేతులు మడిచి ఫోను పట్టుకున్నాడు. మొదటి వంతెన మీదే పడ్డాడు.

"చెమట బట్టింది వేళ్లకు" అన్నాడు.

"చెమట కాదురా, షుగర్ బట్టింది" అన్నాడు పక్కవాడు, లాక్కుని, తనూ అక్కడే పడ్డాడు.

ఫోను ఒక్కొక్కరి చేతిలోకీ పోయింది. అద్దాలు తీసి ఒకడు, పెట్టుకుని ఒకడు, మెడనొప్పి పట్టీతో ఒకడు, చివరికి కేసు కోసం వచ్చిన వకీలుతో సహా ఆడారు. రెండో వంతెన ఎవరూ దాటలేదు. బావమరిది దాని మధ్యదాకా పోయి పడిపోయి, చాలాసేపు తన బొటనవేళ్ల వంకే చూసుకున్నాడు. తర్వాత ఫోను మేనకోడలికి ఇచ్చి, "నీది వెట్టు బిడ్డా" అన్నాడు. అప్పుడు అడిగితే తేలిందేమిటంటే, కొత్త ఆటను మాలో ఎవరమూ రెండు నిమిషాలకు మించి ఆడలేదు. తిట్టడానికి మాత్రం వారాలు తీరిక దొరికింది.

బావమరిది టైర్ల దొంతికి ఆనుకుని కొత్త ఆట మొదలుపెట్టాడు. మొదటి వంతెన, రెండోది, మూడోది. పంచర్ వేయించుకోవడానికి వచ్చిన ఆటో మనిషి అన్నా అన్నా అంటున్నాడు. "జర ఆగే, నాలుగోది నడుస్తుంది" అని వాణ్నీ లోపలికి లాగారు. అయిదో వంతెన మీద పలకలు ఊడుతున్నాయి, కానీ కాలు మోపేదాకా ఆగి ఊడుతున్నాయి. గద్ద వచ్చింది, తప్పుకున్నాడు. ఇంకోటి వచ్చింది. చివరి పలక మీంచి దూకాడు. అవతల కోట లేదు. ఇసుక ఉంది, దాని వెనక తెర నిండా నీలం రంగు సముద్రం ఉంది. లాంతరు మనిషి నడుముకున్న లాంతరు విప్పి ఇసుకలో పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు. మాలో ఎవరమూ ఎన్నడూ వినని పాట ఒకటి, తొందరేమీ లేకుండా, మొదలైంది.

బావమరిది మొహం తుడుచుకుంటున్నట్టు చేసి కళ్లు తుడుచుకున్నాడు. "ముప్పయ్ అయిదేండ్ల సంది గిది గీడనే ఉందా" అన్నాడు. ఆటో మనిషి, "ఏందన్నా, ఏం గెలిసినవ్?" అని అడిగాడు.

అక్కడే, అందరి ముందూ, నేను రెండో మెసేజ్ చేశాను. తప్పు ఆటది కాదు, నాది, చేసినవాళ్లు పద్ధతిగా చేశారు, నోరు జారినవాళ్లంతా నాతోపాటు క్షమాపణ చెప్పండి అన్నాను. మొదటిది తిరిగినంత దూరం రెండోది తిరగలేదు, కోపానికున్న కాళ్లు ఒప్పుకోలుకు ఎప్పుడున్నాయి కనుక. ఇప్పటికీ కొందరు నన్ను కంపెనీకి అమ్ముడుపోయిన ముసలోడంటున్నారు. అననివ్వండి. మావాళ్లు మాత్రం ఒక్కొక్కరూ పోయి, తాము రాసిన బూతులు చెరిపి, అయిదో వంతెన దాటిన బొమ్మలు పెట్టారు. జట్టును రద్దు చేయడం లేదని, రెండో ఆట మొదలుపెట్టమన్నారని మేనకోడలు మొన్న ఫోను చేసి చెప్పింది. ఆ లాలాపేట్ అబ్బాయి ఎవరో, ఎక్కడున్నాడో కనుక్కోవడానికి మా బావమరిది రైల్వే వాళ్లందరినీ అడుగుతున్నాడు. దొరికితే నేనే ముందు వెళ్లాలి.

నా దుకాణం ఉన్నచోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఒక్కోసారి అటుగా పోతూ నిలబడి ఆలోచిస్తుంటాను. పోయిందేమిటని ఈ మధ్య దాకా నేను ఆటలు పోయాయనేవాణ్ని. ఆటలు ఎక్కడికీ పోలేదు, ఇదివరకటి కంటే నికార్సుగా, సముద్రంతో సహా తిరిగి వచ్చాయి. పోయింది ఒకడి భుజం మీంచి పదిమంది తొంగిచూడటం. ఆ రోజుల్లో ఒక్క ఆట ఆడటానికి వచ్చినవాడు పది ఆటలు చూసేవాడు, ఎదుటివాడు ఎక్కడ పడ్డాడో, ఎందుకు పడ్డాడో వాడికి తెలిసేది, అంత చూశాక ఎదుటివాణ్ని తిట్టాలన్నా నోరు రాదు. ఇప్పుడు ఎవరి ఆట వారి అరచేతిలోనే ఉంది, తిట్టేది కూడా అక్కడి నుంచే. రెండో ఆట తయారయ్యాక ముందుగా మాకే చూపిస్తానంది మేనకోడలు. ఫోన్లకు పంపొద్దన్నాను. ఒక్క ఫోను పట్టుకుని టైర్ల దుకాణానికే రమ్మన్నాను.